తూము ఎవరి చేతిలో ఉంది?

2009 నవంబరులో ఇంగ్లండ్‌లోని ఫెన్నీ కాంప్టన్ అనే చిన్న ఊరి హాలులో కొంతమంది కలిశారు. చాలామందికి ఒకరికొకరు కొత్త. అందరూ పోస్టాఫీసు బ్రాంచీలు నడిపినవాళ్లు, అందరిదీ ఒకటే కథ. సాయంత్రం లెక్క చూసుకుంటే కంప్యూటర్ చూపించే మొత్తానికీ పెట్టెలో ఉన్న డబ్బుకీ పొంతన కుదరదు. ఒకసారి వందల పౌండ్లు తక్కువ, ఇంకోసారి వేల పౌండ్లు తక్కువ. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే "ఈ సమస్య మీ ఒక్కరికే వస్తోంది" అనేవారు. పోస్టాఫీసు సంస్థతో వాళ్లకున్న ఒప్పందం ప్రకారం లోటు వాళ్లే పూడ్చాలి. దాచుకున్నది తెచ్చి కట్టారు, అప్పులు చేశారు, ఇళ్లు తాకట్టు పెట్టారు. చాలామంది మీద దొంగతనం కేసులు, దొంగలెక్కల కేసులు పడ్డాయి. కొందరు జైలుకెళ్లారు.

వాళ్లను కూడగట్టినవాళ్లలో అలన్ బేట్స్ ఒకరు. వేల్స్‌లో ఆయన నడిపిన బ్రాంచి ఒప్పందాన్ని 2003లో పోస్టాఫీసు రద్దు చేసింది. తప్పు తమది కాదు, 1999 నుంచి బ్రాంచీల్లో పెడుతూ వచ్చిన హొరైజన్ అనే సాఫ్ట్‌వేర్‌దని ఆయన అప్పటికే ఏళ్ల తరబడి చెబుతున్నాడు. కోర్టు ఆ మాట ఒప్పుకోవడానికి ఇంకో పదేళ్లు పట్టింది. 555 మంది కలిసి వేసిన దావాలో 2019 డిసెంబరులో హైకోర్టు ఆ సాఫ్ట్‌వేర్‌లో లోపాలు, తప్పులు ఉన్నాయని తేల్చింది. మొత్తం మీద ఈ వ్యవహారంలో శిక్ష పడినవాళ్లు 900 మందికి పైనే. ఆ శిక్షల్ని ఒక్కొక్కటిగా కొట్టేస్తూ పోతే ఎప్పటికి తెమిలేనో అని, 2024లో పార్లమెంటు ఏకంగా ఒక చట్టమే చేసి వాటిని రద్దు చేసింది.

కొత్త టెక్నాలజీ కొద్దిమంది చేతుల్లో అధికారాన్ని పోగుచేస్తోంది అనగానే మనకు కృత్రిమ మేధ, నిఘా కెమెరాలు, లక్షల కోట్ల విలువ చేసే కంపెనీలు గుర్తొస్తాయి. హొరైజన్‌లో అవేవీ లేవు. అది జమాఖర్చులు రాసే మామూలు ప్రోగ్రామ్. అది వచ్చాక ప్రధానంగా మారింది లెక్కల పుస్తకం ఉండే చోటు. కాగితం చిట్టా ఉన్నన్నాళ్లూ తేడా వస్తే బ్రాంచి నడిపే మనిషి పేజీలు వెనక్కి తిప్పి, పొరపాటు ఎక్కడ జరిగిందో వేలు పెట్టి చూపించేవాడు. చిట్టా ఎక్కడో సర్వర్‌లోకి వెళ్లాక అతనికి కనిపించేది స్క్రీన్ మీద చివరి అంకె మాత్రమే. సాఫ్ట్‌వేర్ చేసిన కంపెనీ ఇంజనీర్లు మాత్రం దూరం నుంచే బ్రాంచి లెక్కల్లోకి వెళ్లి మార్చగలిగేవారు. అలా మార్చడం కుదరదని పోస్టాఫీసు చాలాకాలం బుకాయించింది. చిట్టా దానిది, ఫిర్యాదు దానిది, చాలా కేసుల్లో ప్రాసిక్యూషన్ కూడా దానిదే.

చెరువులో నీళ్లు ఎన్ని ఉన్నా పొలానికి చేరేది తూము గుండానే. చెరువు ఎవరి పేరున ఉన్నా, తూము తలుపు ఎత్తేదీ దించేదీ ఎవరైతే ఆయకట్టంతా వాళ్ల మొహం చూస్తుంది. టెక్నాలజీ మీద ఎన్ని వాదనలు చదివినా నాకు చివరికి మిగిలే ప్రశ్న ఇదే. ఈ యంత్రం తూము ఎక్కడుంది? ఎవరి చేతిలో ఉంది? దాన్ని చుట్టి నీళ్లు పారించుకునే ఇంకో కాలువ ఉందా?

ఫ్రేము అద్దె

ఇప్పుడు ఎవరినైనా లుడ్డైట్ అన్నారంటే కొత్తదంటే భయపడేవాడని అర్థం. ఆ మనుషులకు ఈ మాట పెద్ద అన్యాయం చేసింది. మొదట లుడ్డైట్లని పిలిచింది ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ చుట్టుపక్కల మేజోళ్లు అల్లేవాళ్లను. 1811లో వాళ్లు రాత్రిళ్లు వెళ్లి పగలగొట్టిన ఫ్రేములు, అంటే మేజోళ్లు అల్లే యంత్రాలు, కొత్తవి కానే కావు. ఆ ఫ్రేమును విలియం లీ 1589లోనే కనిపెట్టాడు. వాళ్ల తాతలు, ముత్తాతలు వాటి మీదే పనిచేశారు.

గొడవ వేరే. ఆ ఫ్రేముల్లో చాలావరకు అల్లేవాళ్ల సొంతం కాదు. యజమాని దగ్గర అద్దెకు తెచ్చుకుని ఇంట్లో పెట్టుకోవాలి. అతనిచ్చిన నూలుతో, అతను చెప్పిన రేటుకు అల్లాలి. ఆ అద్దె కూలిలోంచి కోత పడుతుంది, పని సరిగా లేని వారాల్లో కూడా. దానికి తోడు యజమానులు వెడల్పు గుడ్డ అల్లించి, దాన్ని కత్తిరించి కుట్టేసిన నాసిరకం మేజోళ్లు అమ్మడం మొదలుపెట్టారు. పని నేర్వని కుర్రాళ్లను తక్కువ కూలికి తెచ్చారు. కార్మికులు సంఘం కడదామంటే 1799, 1800 చట్టాల కింద అది నేరం. అడిగే దారులన్నీ మూసేశాక సుత్తి పట్టారు. 1812లో ఫ్రేము పగలగొట్టడాన్ని ఉరిశిక్ష పడే నేరం చేశారు. 1813 జనవరిలో యార్క్‌లో 17 మందిని ఉరితీశారు.

ఫ్రేము అద్దె అన్న మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. ఎందుకంటే అది ఇవాళ తలకిందులైంది. యాప్‌లో ట్యాక్సీ నడిపే మనిషిని చూడండి. కారు అతనిదే. దాని మీద అప్పు, పెట్రోలు, రిపేరు అన్నీ అతనివే. రెండు వందల ఏళ్ల కింద పనిముట్టు యజమానిది కాబట్టి పెత్తనం యజమానిది అనుకున్నాం. మరి పనిముట్టు పనివాడిదే అయినప్పుడు పెత్తనం అతనికి రావాలి కదా? రాలేదు. తూము కారులోంచి యాప్‌లోకి జరిగింది. ఏ సవారీ ఎవరికి వెళ్లాలి, రేటెంత, స్టార్లు తగ్గితే ఎవరి అకౌంటు ఆపెయ్యాలి అన్నవన్నీ అక్కడే తేలుతాయి. ఊబర్ డ్రైవర్లు స్వతంత్ర వ్యాపారులు కారని, కనీస వేతనం, వేతనంతో కూడిన సెలవు వంటి హక్కులున్న కార్మికులని బ్రిటన్ సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో తీర్పు చెప్పినప్పుడు చూసింది ఇదే: రేటూ షరతులూ ఎవరి చేతిలో ఉన్నాయి?

లుడ్డైట్లు ఓడిపోయారు. కానీ వాళ్లు అడిగినవి పూర్తిగా పోలేదు. సంఘాల మీద నిషేధం 1824లో ఎత్తేశారు. 1833 ఫ్యాక్టరీ చట్టంతో మొదటిసారి జీతం తీసుకునే ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్లు వచ్చారు. దేశం మొత్తానికి నలుగురే. ఆడవాళ్లకు, పిల్లలకు పది గంటల పనిదినం 1847లో వచ్చింది. అంటే ఆ సుత్తి దెబ్బలకూ ఈ చట్టాలకూ మధ్య ఒక తరం గడిచిపోయింది. "యంత్రాలు వచ్చాయి, చివరికి అందరూ బాగుపడ్డారు" అని చెప్పేవాళ్లు ఆ తరాన్ని లెక్కలోంచి తీసేస్తారు.

తూము ఎలా తయారవుతుంది

అన్ని టెక్నాలజీలూ ఇలా ఒకచోటికి చేరవు. సైకిల్ చేరలేదు. సూది, దారం చేరలేదు. కొన్నిట్లో మాత్రం పోగుపడే గుణం పుట్టుకతోనే ఉంటుంది.

మొదటిది ఖర్చు తీరు. రైలు పట్టాలు వేయడానికి, చిప్ ఫ్యాక్టరీ కట్టడానికి, కృత్రిమ మేధ వెనక ఉండే పెద్ద భాషా నమూనాకు శిక్షణ ఇవ్వడానికి ముందు కొండంత పెట్టుబడి కావాలి. ఆ తర్వాత ఇంకో ప్రయాణికుడిని ఎక్కించుకోవడానికి, ఇంకో వినియోగదారుడిని చేర్చుకోవడానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ. అలాంటి చోట ముందు పెద్దవాడైన వాడే రేటు తగ్గించగలడు, రేటు తగ్గించగలిగినవాడే ఇంకా పెద్దవాడవుతాడు.

రెండోది మనమే. ఆ మధ్య నేను ఒక మెసేజింగ్ యాప్ తీసేద్దామని నిర్ణయించుకున్నాను. దాని షరతులు నచ్చలేదు. ఇంకో యాప్ వేసుకున్నాను, అది బాగానే ఉంది. నాలుగో రోజుకి పాతది మళ్లీ వేసుకున్నాను. నాకు కావలసిన మనుషులందరూ పాతదాంట్లోనే ఉన్నారు. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు, తలుపుకు తాళమూ లేదు. అయినా బయటికి వెళ్లలేకపోయాను. నెట్‌వర్క్ బలం అంటే అదే. ఒకరి సౌకర్యం ఇంకొకరికి సంకెల అవుతుంది. ఫేస్‌బుక్ 2014లో వాట్సాప్‌ను 1,900 కోట్ల డాలర్లకు కొనడానికి ఒప్పుకున్నప్పుడు అందులో ఉద్యోగులు 55 మందే. ఆ డబ్బు ప్రోగ్రామ్ కోసం ఇచ్చింది కాదు, అక్కడ పోగైన మనుషుల కోసం ఇచ్చింది.

మూడోది కంటికి కనపడదు. ఫోన్ కొన్నప్పుడు అందులో ఏ సెర్చ్ ఇంజన్ ముందే పెట్టి ఉంటే చాలామంది దాన్నే వాడతారు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి మార్చుకోవచ్చు, ఎవరూ వద్దనరు. కానీ మార్చుకునేవాళ్లు కొద్దిమందే. ఆ ముందు పెట్టిన స్థానం విలువ ఎంతో అమెరికా కోర్టులో బయటపడింది: 2021లో ఒక్క ఏడాదికే గూగుల్ దానికోసం ఫోన్, బ్రౌజర్ కంపెనీలకు 2,630 కోట్ల డాలర్లు చెల్లించింది. సెర్చ్‌లో గూగుల్ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం నిలబెట్టుకుందని 2024 ఆగస్టులో జడ్జి అమిత్ మెహతా తీర్పు ఇచ్చారు. మనకు మార్చుకునే స్వేచ్ఛ నిజంగా ఉంటే, మార్చుకోకుండా ఉండడానికి అంత డబ్బు ఎందుకు పోస్తారు?

నాలుగోది ఈ మధ్య వచ్చింది, నాకు అన్నిటికన్నా ఎక్కువ కలవరం కలిగించేది. వస్తువు అమ్మేశాక కూడా పగ్గం అమ్మినవాడి దగ్గరే ఉండిపోవడం. 2009 జులైలో అమెజాన్ పుస్తకాలు చదువుకునే తన కిండిల్ పరికరాల్లోంచి, జనం డబ్బిచ్చి కొనుక్కున్న ఒక నవలను దూరం నుంచే చెరిపేసింది. దాన్ని అమ్మిన సంస్థకు హక్కులు లేవని తర్వాత తెలిసిందట. డబ్బు వాపసు ఇచ్చారు, కంపెనీ అధినేత క్షమాపణ కూడా చెప్పాడు. కానీ కాగితం పుస్తకాన్ని అలా ఎవరైనా రాత్రికి రాత్రి మన అలమరలోంచి తీసుకుపోగలరా? ట్రాక్టర్లది కూడా ఇదే కథ. లోపల సాఫ్ట్‌వేర్ వచ్చాక, పార్టు మార్చినా కంపెనీ డీలర్ దగ్గరున్న ప్రోగ్రామ్ ఒప్పుకుంటే తప్ప బండి కదలని పరిస్థితి వచ్చింది. కోతల సమయంలో ఒక్క రోజు ఆలస్యం అంటే ఏమిటో రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. దీని మీద అమెరికా రైతులు ఏళ్ల తరబడి కొట్లాడారు. 2023లో కొలరాడో రాష్ట్రం వ్యవసాయ యంత్రాలను సొంతంగా రిపేరు చేసుకునే హక్కు ఇస్తూ చట్టం చేసింది.

ఇవి ఒకదానికొకటి తోడవుతాయి. పెట్టుబడి ఉన్నవాడు మనుషులను పోగేస్తాడు, మనుషులు పోగైన చోట డేటా పోగవుతుంది, డేటా ఉన్నవాడికి మన గురించి మనకన్నా ఎక్కువ తెలుస్తుంది. అతని గురించి మనకేమీ తెలియదు. ఒకవైపు గాజు, ఇంకోవైపు గోడ.

బెల్ కంపెనీ నేర్పిన పాఠం

ఇలాంటి తూములను జనం బద్దలుకొట్టగలిగారా? కొట్టగలిగారు, ఒకటికి రెండుసార్లు. టెలిఫోన్ చరిత్రను నేను మళ్లీ మళ్లీ చదవడానికి కారణం అదే. అందులో గెలుపూ ఓటమీ రెండూ స్పష్టంగా కనిపిస్తాయి.

అలెగ్జాండర్ గ్రాహం బెల్‌కు టెలిఫోన్ పేటెంట్ 1876లో వచ్చింది. 1893, 1894లలో పేటెంట్ల గడువు ముగియగానే అమెరికాలో వేల కొద్దీ చిన్న ఫోన్ కంపెనీలు పుట్టుకొచ్చాయి. బెల్ పట్టించుకోని పల్లెల్లో రైతులే కలిసి తీగలు లాగుకున్నారు. కొన్నేళ్లలో దేశంలోని ఫోన్లలో దాదాపు సగం ఈ చిన్నవాళ్లవే అయ్యాయి. అప్పుడు బెల్ వారసురాలైన ఏటీ అండ్ టీ ఏం చేసింది? తన దూరప్రాంత తీగలకు వాళ్లను కలపనంది. చాలా ఊళ్లలో వ్యాపారులు బల్ల మీద రెండు ఫోన్లు పెట్టుకోవలసి వచ్చింది, ఒక నెట్‌వర్క్‌వాళ్లు ఇంకో నెట్‌వర్క్‌వాళ్లతో మాట్లాడలేరు కాబట్టి. నేను యాప్ మార్చి నాలుగు రోజుల్లో వెనక్కి వచ్చినట్టే, కస్టమర్లు పెద్దదానివైపు జరిగారు. ప్రభుత్వం కేసు పెడుతుందన్న భయంతో 1913 డిసెంబరులో ఏటీ అండ్ టీ దిగొచ్చింది, చిన్న కంపెనీలను దూరప్రాంత తీగలకు కలుపుతానంది. కానీ ఆలస్యమైంది. తర్వాతి డెబ్బై ఏళ్లు దేశంలో ఫోన్ అంటే ఆ కంపెనీయే.

ఆ పట్టు ఎంతదాకా వెళ్లిందంటే, పక్కవాళ్లకు మాట వినిపించకుండా రిసీవర్‌కు తగిలించుకునే చిన్న ప్లాస్టిక్ డొప్పను కూడా కంపెనీ నిషేధించింది. మా వ్యవస్థకు బయటి వస్తువు తగిలించకూడదు అంది. హష్-ఎ-ఫోన్ అనే ఆ డొప్ప తయారుచేసినవాళ్లు కోర్టుకెక్కి, 1956లో గెలిచారు. పన్నెండేళ్ల తర్వాత, 1968లో, రేడియోను ఫోన్‌కు కలిపే కార్టర్‌ఫోన్ అనే పరికరం కేసులో నియంత్రణ సంస్థ ఇంకా ముందుకెళ్లింది: నెట్‌వర్క్‌కు హాని చేయనంతవరకు ఎవరి పరికరమైనా తగిలించుకోవచ్చు అంది. వినడానికి చిన్న విషయం. కానీ ఆన్సరింగ్ మెషీన్లు, ఫ్యాక్స్ మెషీన్లు, ఇళ్లలో మోడెమ్‌లు వచ్చింది ఆ కన్నంలోంచే. ఇంటర్నెట్ మామూలు ఇళ్లకు చేరింది ఫోన్ తీగ మీదే కదా. ఫోన్ కంపెనీ అనుమతి అడగాల్సి ఉంటే అది ఎప్పటికి వచ్చేదో.

1956లోనే ఇంకోటి జరిగింది. ప్రభుత్వంతో రాజీలో భాగంగా ఏటీ అండ్ టీ అప్పటిదాకా తనకున్న వేల పేటెంట్లను అమెరికా కంపెనీలకు రాయల్టీ లేకుండా ఇవ్వడానికి ఒప్పుకుంది. వాటిలో ట్రాన్సిస్టర్‌వి కూడా ఉన్నాయి. కంపెనీ ముక్కలవలేదు, దాని దగ్గరున్న విద్య మాత్రం ఊరందరిదీ అయింది.

అందరూ గుర్తుపెట్టుకునేది 1984 నాటి విభజన. ఏడు ప్రాంతీయ కంపెనీలను విడదీశారు. నా ఉద్దేశంలో అది మిగతా వాటికన్నా తక్కువ పనిచేసింది. ముక్కలు మళ్లీ ఒకదాన్నొకటి మింగాయి. 2005లో వాటిలో ఒకటి తల్లి కంపెనీనే కొనేసి దాని పేరే పెట్టుకుంది. 1911లో అమెరికా చమురు కంపెనీ స్టాండర్డ్ ఆయిల్‌ను 34 కంపెనీలుగా విడగొట్టినప్పుడు కూడా ఆ ముక్కల్లో దాన్ని స్థాపించిన రాక్‌ఫెల్లర్ వాటాలు అలాగే ఉన్నాయి, ఆయన ఇంకా ధనవంతుడయ్యాడు. కంపెనీని నరకడం చూడ్డానికి ఘనంగా ఉంటుంది. తూముకు పక్కగా ఇంకో కాలువ తవ్వడం ఎవరి కంటా పడదు. కానీ ఎక్కువకాలం నిలిచింది రెండోదే.

వెబ్ విషయంలో కాలువ ముందే తవ్వారు. 1993 మొదట్లో వరల్డ్ వైడ్ వెబ్‌కు గోఫర్ అనే గట్టి పోటీ ఉండేది. దాన్ని తయారుచేసిన మిన్నెసోటా విశ్వవిద్యాలయం ఆ వసంతంలో కొంతమంది దగ్గర లైసెన్సు ఫీజు తీసుకుంటామని ప్రకటించింది. జనం బెదిరి జారుకోవడం మొదలుపెట్టారు. అదే ఏడాది ఏప్రిల్ 30న సెర్న్ పరిశోధనా కేంద్రం తన వెబ్ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని కాగితం రాసిచ్చింది. మనం ఇవాళ ఏ కంపెనీనీ అడగకుండా ఒక వెబ్‌సైట్ పెట్టుకోగలుగుతున్నామంటే ఆ కాగితం చలవే.

పనిచేయని మందులు

ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. "మీ డేటా మీ ఇష్టం, మీ అనుమతి లేకుండా తీసుకోం" అనే పద్ధతి మీద మనం మరీ ఎక్కువ నమ్మకం పెట్టుకున్నాం. 2018 మే 25న అమల్లోకి వచ్చిన యూరప్ డేటా రక్షణ చట్టం, జీడీపీఆర్, చాలా మంచి చట్టం. కంపెనీ దగ్గర మన గురించి ఏముందో అడిగి తెప్పించుకునే హక్కు చిన్నదేం కాదు. కానీ రోజువారీ జీవితంలో చాలామందికి అది మిగిల్చింది ప్రతి వెబ్‌సైట్‌లో ఎదురయ్యే ఒక బటన్. పని తొందరలో ఉన్న మనిషి ఒక్కడు, వందల మంది లాయర్లు ఉన్న కంపెనీతో, రోజుకు పాతికసార్లు బేరమాడాలి. ఇది బేరం అవదు. లుడ్డైట్లను కూడా అలాగే విడివిడిగా, ఎవరి ఇంట్లో వాళ్లను పెట్టి రేటు ఒప్పించారు.

"నచ్చకపోతే వాడకండి" అనేది ఇంకో మందు. ఒక్కడు మానేస్తే అతనికే నష్టం, కంపెనీకి ఏమీ కాదు. ఎవరైనా సొంత నియమంగా పెట్టుకుంటే గౌరవిస్తాను. సమాజానికి అది దారి చూపదు.

యూరప్ ఆ తర్వాత చేసిన డిజిటల్ మార్కెట్ల చట్టం దారి మార్చింది. మనిషిని అనుమతి అడగడంతో ఆగకుండా, ద్వారపాలకులని గుర్తించిన పెద్ద వేదికల మీదే నేరుగా బాధ్యతలు పెట్టింది. 2023 సెప్టెంబరులో మొదటి జాబితాలో ఆరు కంపెనీలను చేర్చారు: ఆల్ఫాబెట్, అమెజాన్, ఆపిల్, బైట్‌డ్యాన్స్, మెటా, మైక్రోసాఫ్ట్. పెద్ద మెసేజింగ్ సేవలు, చిన్న పోటీదారు అడిగితే, తమ నెట్‌వర్క్‌లోని వాళ్లతో మాట్లాడుకునే వీలు ఇవ్వాలన్నది అందులో ఒక షరతు. 1913లో దూరప్రాంత తీగల మీద అడిగింది ఇదే. నంబరు మార్చకుండా ఫోన్ కంపెనీ మారగలుగుతున్నట్టు, మన మనుషులను వదులుకోకుండా యాప్ మారగలిగిన రోజు నాలాంటివాళ్లు నాలుగో రోజు వెనక్కి రానక్కర్లేదు.

ఇప్పటి తూములు

కృత్రిమ మేధకు వస్తే, తూములు ఒకదాని కింద ఒకటి వరసగా ఉన్నాయి. అత్యాధునిక చిప్‌ల మీద ఒక రకం అతినీలలోహిత కాంతితో గీతలు గీసే ఈయూవీ యంత్రాలు ప్రపంచంలో ఒకే కంపెనీ తయారుచేస్తుంది, నెదర్లాండ్స్‌లోని ఏఎస్‌ఎంఎల్. ఆ యంత్రాలతో అత్యాధునిక చిప్‌లలో అత్యధిక భాగం తయారుచేసేది తైవాన్‌లోని టీఎస్‌ఎంసీ. శిక్షణకు వాడే చిప్‌లలో పెద్ద వాటా ఎన్‌విడియాది. వాటిని అద్దెకిచ్చే క్లౌడ్ వ్యాపారంలో సింహభాగం అమెజాన్, మైక్రోసాఫ్ట్, గూగుల్‌లది. నమూనాను అందరికీ విడుదల చేసి, ఎవరైనా దించుకుని నడుపుకోండి అనే కంపెనీలు ఉండడం నిజంగా మేలే. కానీ దించుకున్నాక నడపడానికి మళ్లీ ఆ చిప్‌లే కావాలి. పై తూము తెరిచినంత మాత్రాన కింది తూము తెరుచుకోదు.

అందుకే ఇక్కడ ఎదురు నిలబడే పద్ధతి కూడా ఒక్కటే ఉండదు. 2023లో హాలీవుడ్ రచయితలు చేసిన సమ్మె నాకు చాలా ఆశ కలిగించింది. 148 రోజులు పని ఆపారు. చివరికి ఒప్పందంలో కృత్రిమ మేధ గురించి రాయించుకున్నది చదివితే, వాళ్లు ఎంత జాగ్రత్తగా ఆలోచించారో తెలుస్తుంది. యంత్రాన్ని నిషేధించమనలేదు. కావాలంటే రచయితే, కంపెనీ ఒప్పుకుంటే, వాడుకోవచ్చు; వాడి తీరాలని కంపెనీ బలవంతపెట్టకూడదు. యంత్రం రాసినదాన్ని మూల రచనగా లెక్కించి రచయిత పేరు, డబ్బు తగ్గించకూడదు. ఇచ్చిన కాగితాల్లో యంత్రం రాసింది ఉంటే ముందే చెప్పాలి. అంటే పనిముట్టు ఎవరి చేతిలో ఉండాలో వాళ్లే తేల్చుకున్నారు. రెండు వందల ఏళ్ల కింద ఫ్రేము దగ్గర కూర్చున్నవాళ్లు అడగాలనుకుని, సంఘమే నేరం కాబట్టి అడగలేకపోయింది ఇదే. తేడా ఏమిటంటే వీళ్లకు సంఘం ఉంది, సమ్మె హక్కు ఉంది.

ఎప్పుడు అడగాలన్నది కూడా ముఖ్యం. డేవిడ్ కాలింగ్‌రిడ్జ్ అనే పండితుడు 1980లో ఒక చిక్కుముడిని వివరించాడు. టెక్నాలజీ లేతగా ఉన్నప్పుడు దాన్ని వంచడం తేలిక, కానీ అది ఏం చేస్తుందో అప్పటికి తెలియదు. ఏం చేస్తుందో తెలిసేసరికి అది ముదిరిపోతుంది, వంగదు. మొక్కై వంగనిది మానై వంగునా అని మనం పిల్లల విషయంలో అనే మాటే. కాకపోతే ఇక్కడ మొక్కగా ఉన్నప్పుడు అది ఏ చెట్టో తెలియదు.

అయినా ముందే పట్టుకున్న సందర్భాలున్నాయి. 2015లో భారత టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, ఇంటర్నెట్ సేవల మీద అభిప్రాయాలు చెప్పమంటే పది లక్షలకు పైగా ఈమెయిళ్లు వచ్చాయి. ఫేస్‌బుక్ అప్పట్లో కొన్ని వెబ్‌సైట్లను మాత్రం ఉచితంగా చూపించే ఫ్రీ బేసిక్స్ అనే పథకాన్ని ప్రచారం చేస్తోంది. ఉచితం కదా, కాదనడం కష్టం. కానీ ఏ వెబ్‌సైట్ ఉచితమో నిర్ణయించే తూము ఒక కంపెనీ చేతిలో పెట్టడమే అవుతుందని జనం పసిగట్టారు. ఏ వెబ్‌సైట్ చూస్తున్నారన్నదాన్ని బట్టి వేర్వేరు రేట్లు పెట్టకూడదని 2016 ఫిబ్రవరిలో ట్రాయ్ ఆదేశించింది. అప్పటికింకా ఆ పథకం వేళ్లు తన్నలేదు. అదే పదేళ్ల తర్వాత, కోట్ల మంది దానికి అలవాటు పడ్డాక అడిగి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

వీటన్నిటి కింద ఇంకో హక్కు ఉంది, యంత్రాన్ని నిలదీసే హక్కు. అది లేకపోతే మిగతావి నిలవవు. హొరైజన్ కేసుల్లో జనాన్ని ముంచింది సాఫ్ట్‌వేర్ తప్పు ఒక్కటే కాదు. ఇంగ్లండ్‌లో 1984 నాటి చట్టం ప్రకారం కంప్యూటర్ ఇచ్చిన సాక్ష్యాన్ని కోర్టులో వాడాలంటే ఆ కంప్యూటర్ సరిగా పనిచేస్తోందని ముందు చూపించాల్సి ఉండేది. అది అనవసర భారమని 1999లో చేసిన చట్టంతో ఆ షరతు తీసేశారు. ఆ తర్వాత, తప్పని ఎవరైనా చూపించేదాకా కంప్యూటర్ సరిగ్గానే పనిచేసిందని కోర్టులు అనుకోవచ్చు. చూపించాలంటే లోపలి రికార్డులు కావాలి. ఆ రికార్డులు ఉన్నది కేసు పెట్టినవాళ్ల దగ్గర. హొరైజన్ అన్ని బ్రాంచీల్లోకి పాకింది సరిగ్గా ఆ రోజుల్లోనే.

ఇప్పుడు అప్పు ఇవ్వాలా వద్దా, ఉద్యోగానికి పిలవాలా వద్దా, ఎవరి మీద మోసం అనుమానం పెట్టాలి అన్నవన్నీ సాఫ్ట్‌వేర్ తేల్చేస్తోంది. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యం తీసుకున్న వేల కుటుంబాలను పన్నుల శాఖ తప్పుగా మోసగాళ్లుగా ముద్రవేసింది. ఎవరి మీద అనుమానపడాలో ఎంచడంలో ఒక అల్గారిథమ్ పాత్ర కూడా ఉంది. 2021 జనవరిలో అక్కడ ప్రభుత్వమే రాజీనామా చేసింది. ఆ కుటుంబాలు కూడా మొదట్లో ఎవరికి వాళ్లు, తప్పు తమ కాగితాల్లోనే ఉందేమో అనుకున్నవాళ్లే.

హొరైజన్ శిక్షలు రద్దయిన మరుసటి ఏడాది, 2025 జనవరిలో, కంప్యూటర్ సాక్ష్యాన్ని నిజమని ముందే అనుకునే ఆ నియమం మీద బ్రిటన్ న్యాయశాఖ ప్రజల అభిప్రాయాలు అడిగింది. నియమం మారాలనే నేను కోరుకుంటున్నాను. రికార్డు ఎవరి దగ్గర ఉందో, అది సరైనదని రుజువు చేసే బరువు కూడా వాళ్ల మీదే ఉండాలి. బ్రాంచి నడిపే మనిషి పేజీలు వెనక్కి తిప్పి చూసుకోగలిగి ఉంటే ఆ 900 మందిలో చాలామంది కోర్టు మెట్లు ఎక్కేవారే కాదు.